మెడికల్ అసిస్టెంట్ కోర్సు చేద్దామనుకుంటున్నా (టెక్సస్, హెచ్4 ఈఏడీ) - పని ఎలా ఉంటుంది, ఆ తర్వాత దారేంటి?

సామర్లకోట_పిల్ల:

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నాది ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. పెళ్ళికి ముందు కాకినాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో మూడేళ్ళు చేశా, బ్లడ్ తీయడం దగ్గర్నుంచి కల్చర్ ప్లేట్లు చూడడం దాకా అన్నీ నేనే. 2018లో ఇర్వింగ్ వచ్చాం, ఇద్దరు పిల్లలు, చిన్నోడు ఈ ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కి వెళ్తాడు. ఈఏడీ, అంటే నా హెచ్4 డిపెండెంట్ వీసా మీద పని చేసుకోనిచ్చే కార్డు, వచ్చి ఏడాది దాటింది, బీరువాలో ఉంది. తెలిసినవాళ్ళందరూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో, మూడు నెలల్లో ఉద్యోగం అంటారు గానీ నాకు దాని మీద మనసు పోవట్లేదు, రెండు సార్లు కోర్సు మొదలుపెట్టి మానేశా. మనుషుల మధ్య ఉండే పని కావాలి నాకు.

ఇంటికి దగ్గర్లో ఒక ప్రైవేట్ కెరీర్ స్కూల్‌కి వెళ్ళి అడిగితే మెడికల్ అసిస్టెంట్ కోర్సు తొమ్మిది నెలలు, 18 వేల డాలర్లు అన్నారు. ఈ వారంలో సంతకం పెడితే వెయ్యి తగ్గిస్తామని రోజూ ఫోన్లు చేస్తున్నారు. మా ఆయనేమో వద్దనట్లేదు గానీ "18 వేలు కట్టి గంటకి ఇరవై డాలర్ల ఉద్యోగమా" అన్నారు, అది నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఈ పని నిజంగా చేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, రోజంతా ఏం చేస్తారు, సర్టిఫికెట్లు సీఎంఏ, ఆర్ఎంఏ, సీసీఎంఏ అని ఏవేవో చెప్తున్నారు, ఏది తీసుకోవాలి, ఇందులోంచి పైకి వెళ్ళే దారి ఉందా లేక అక్కడే ఉండిపోతామా?

---

తెనాలి_అక్క:

చెల్లీ, ముందు ఆ స్కూల్ వాళ్ళ ఫోన్ ఎత్తడం మానేయ్. ఈ వారమే సంతకం పెట్టాలి అన్నారంటేనే ఆలోచించుకోవాలి. మిగతాది తీరిగ్గా చెప్తా.

నేను ప్లేనోలో ఒక ఫ్యామిలీ ప్రాక్టీస్‌లో ఆరేళ్ళుగా ఎంఏగా (మెడికల్ అసిస్టెంట్‌ని ఇక్కడ అలాగే అంటారు) చేస్తున్నా. మా డాక్టర్ గారు రోజుకి ఇరవై, ఇరవైరెండు మందిని చూస్తారు, ఆ ఇరవైరెండు మందీ ముందు నా చేతుల మీదుగా వెళ్ళాల్సిందే. పొద్దున ఏడున్నరకి వెళ్ళగానే మొదటి పని వ్యాక్సిన్ ఫ్రిజ్ టెంపరేచర్ రాయడం, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, తేడా వస్తే వేల డాలర్ల మందు పారేయాల్సి వస్తుంది. తర్వాత ఆ రోజు లిస్టు ముందేసుకుని ఎవరికి మామోగ్రామ్ బాకీ, ఏ షుగర్ పేషెంటుకి ఏ1సీ (షుగర్ సగటు చూపించే రక్త పరీక్ష) చేసి మూడు నెలలు దాటింది అని చూసిపెట్టుకుంటాం. ఎనిమిదింటి నుంచి ఇక పరుగే, పేషెంట్‌ని పిలవడం, బరువు, బీపీ, పల్స్, టెంపరేచర్, ఎందుకొచ్చారో రెండు లైన్లలో రాయడం, వేసుకుంటున్న మందులన్నీ ఒక్కోటీ చదివి సరిచూడడం, ఈ మొత్తాన్నీ మేం రూమింగ్ అంటాం. డాక్టర్ బయటికొచ్చాక చెప్పిన పనులు మళ్ళీ మావే, ఇంజెక్షన్, ఈసీజీ, బ్లడ్ డ్రా, గొంతు స్వాబ్, యూరిన్ డిప్, చెవిలో గులిమి కడగడం. మధ్యాహ్నం సందు దొరికితే రీఫిల్ రిక్వెస్టులు, ఇన్సూరెన్స్ వాళ్ళతో ప్రయర్ ఆథరైజేషన్ (మందుకో టెస్టుకో ముందస్తు అనుమతి) కోసం ఫోన్లో నలభై నిమిషాలు హోల్డ్‌లో ఉండడం, ఆ హోల్డ్ మ్యూజిక్ నాకు నిద్రలో కూడా వినపడుతుంది.

చిన్న పని అనుకోకు. బీపీనే తీసుకో. స్వెటర్ చేతి మీదే కఫ్ కట్టేసి, పేషెంట్ కాళ్ళు వేలాడేసుకుని బల్ల మీద కూర్చుని మాట్లాడుతుంటే తీస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి డాక్టర్ మందు పెంచేస్తారు. కుర్చీలో వెన్ను ఆనించి కూర్చోబెట్టి, పాదాలు నేలకి ఆన్చి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, ఐదు నిమిషాలు ఊరికే ఉంచి తీస్తే అదే మనిషికి వేరే అంకె వస్తుంది. ఇది చేసేది మనమే, డాక్టర్ కాదు.

పోయిన ఏడాది ఒక పెద్దావిడ వచ్చారు, గుంటూరు వైపు, కొడుకు దగ్గరికి ఆర్నెల్లకి వచ్చారట. బీపీ 178/96. మందులు రోజూ వేసుకుంటున్నారా అంటే ఆవిడ నోరు తెరిచే లోపే కొడుకు యస్ యస్ రెగ్యులర్ అన్నాడు. అతను ఫారం నింపడానికి ఫ్రంట్ డెస్క్‌కి వెళ్ళినప్పుడు నేను తెలుగులో "పెద్దమ్మా, బిళ్ళ ఈరోజు వేసుకున్నారా" అన్నా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, తెచ్చుకున్నవి వెళ్ళేదాకా సరిపోవాలిగా, రోజు మార్చి రోజు వేసుకుంటున్నా, మావాడికి చెప్పకు, డబ్బు ఖర్చని బాధపడతాడు" అన్నారు. డాక్టర్ గారికి వెళ్ళి చెప్పా. ఆయన ఇంటర్‌ప్రెటర్ లైన్‌లో ఆవిడతో విడిగా మాట్లాడి డోసు పెంచకుండా అదే మందు చవకైన జనరిక్ మూడు నెలలకి రాశారు. మన భాష వచ్చినా డాక్టర్ చెప్పేది అనువదించే పని మాత్రం క్లినిక్ ఒప్పుకుంటేనే, దానికి ట్రైనింగ్ అయిన ఇంటర్‌ప్రెటర్లు వేరే ఉంటారు, అది గుర్తుపెట్టుకో.

ఇంకొకటి, ఇది చెప్పడం నాకు కష్టం. మొదటి ఏడాది ఇంకో క్లినిక్‌లో ఉన్నప్పుడు ఒకాయన ఫోన్ చేసి పొద్దున్నుంచి గుండెల్లో మంటగా ఉంది అన్నాడు. మన ఇళ్ళల్లో గుండెల్లో మంట అంటే గ్యాసేగా, నేను యాంటాసిడ్ వేసుకోండి, రేపు అపాయింట్‌మెంట్ ఇస్తా అనేశా. పక్కన కూర్చున్న నర్స్ విని ఫోన్ లాక్కుని చెమట పడుతోందా, దవడ లాగుతోందా అని రెండు ప్రశ్నలడిగి 911కి చేయించింది. ఆ రాత్రే ఆయనకి స్టెంట్ వేశారు. ఆవిడ పక్కన లేకపోతే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటా. ఫోన్లో లక్షణాలు విని ఏం చేయాలో చెప్పడం ఎంఏ పని కాదు చెల్లీ, నీకు ఎంత తెలిసినా సరే. రాసుకుని వెంటనే నర్స్‌కో డాక్టర్‌కో ఇవ్వాలి. నీలా ముందే చదువుకుని వచ్చినవాళ్ళకి ఈ గీత దగ్గరే నోరు ఆగదు.

సర్టిఫికెట్ల సంగతి. టెక్సస్‌లో ఎంఏకి స్టేట్ లైసెన్స్ లేదు, ఆక్యుపేషన్స్ కోడ్ 157వ చాప్టర్ ప్రకారం డాక్టర్ తన బాధ్యత మీద మనకి పని అప్పగిస్తారు. కానీ ఎక్స్‌రే తీయాలంటే మాత్రం విడిగా మెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి, అర్జెంట్ కేర్ వాళ్ళు ఎక్కువగా అదే అడుగుతారు. లైసెన్స్ అక్కర్లేకపోయినా పెద్ద హాస్పిటల్ గ్రూపులు సర్టిఫికేషన్ లేకుండా తీసుకోవడం అరుదు. సీఎంఏ అంటే ఏఏఎంఏ (అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ మెడికల్ అసిస్టెంట్స్) వాళ్ళది, మామూలుగా దానికి సీఏఏహెచ్ఈపీ లేదా ఏబీహెచ్ఈఎస్ అని కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థల గుర్తింపు ఉన్న కోర్సు చదివుండాలి, పరీక్ష 200 ప్రశ్నలు, ఐదేళ్ళకోసారి రెన్యూ. సీసీఎంఏ అంటే ఎన్‌హెచ్‌ఏ అనే ఇంకో సర్టిఫికేషన్ సంస్థ వాళ్ళది, 180 ప్రశ్నలు, అందులో 30కి మార్కులుండవు, రెండేళ్ళకోసారి రెన్యూ, షార్ట్ కోర్సులు చేసినవాళ్ళు ఎక్కువ రాసేది ఇదే. ఆర్ఎంఏ ఏఎంటీ అనే మూడో సంస్థ వాళ్ళది. నేను సీసీఎంఏనే. కమ్యూనిటీ కాలేజీలో చేశా, పుస్తకాలు, స్క్రబ్స్ అన్నీ కలిపి నీకు చెప్పిన దాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. ఏ స్కూల్‌కైనా గుర్తింపు ఉందో లేదో సీఏఏహెచ్ఈపీ, ఏబీహెచ్ఈఎస్ సైట్లలో పేరు కొడితే తెలుస్తుంది, వాళ్ళ మాట మీద వెళ్ళకు.

---

ఎడిసన్_ఇంటర్నిస్ట్:

తెనాలి గారు చాలా బాగా చెప్పారు. నేను న్యూజెర్సీలో చిన్న ప్రాక్టీస్ నడుపుతున్న డాక్టర్‌ని, ఉద్యోగం ఇచ్చే వైపు నుంచి రెండు మాటలు.

మీవారు అన్న లెక్క ముందు చూద్దాం. బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ 2024 మే లెక్కల్లో మెడికల్ అసిస్టెంట్ల మీడియన్ (సరిగ్గా మధ్యలో ఉండే) జీతం ఏడాదికి 44,200 డాలర్లు, అంటే గంటకి 21 పైచిలుకు. ఆయన తప్పు చెప్పలేదు. కానీ ఉద్యోగాలు 2024 నుంచి 2034 మధ్య 12 శాతం పెరుగుతాయని అదే బ్యూరో అంచనా, మొత్తం అన్ని ఉద్యోగాల సగటు కంటే ఇది చాలా ఎక్కువ. మా వీధిలో నాలుగు క్లినిక్‌లుంటే నాలుగింటికీ ఎంఏలు దొరకట్లేదు. పని దొరుకుతుందా అనే భయం మీకు అక్కర్లేదు. 18 వేలు పెట్టుబడి మాత్రం ఈ జీతానికి చాలా ఎక్కువ, అక్కడ నేను మీవారి పక్షమే.

మా స్టేట్‌లో డాక్టర్ తరఫున ఇంజెక్షన్ ఇవ్వాలంటే ఎంఏకి సర్టిఫికేషన్ ఉండాలి, మీరు రేపు వీసా వల్లో మీవారి ప్రాజెక్ట్ వల్లో ఇటు మారాల్సి వస్తే అది పనికొస్తుంది. అందుకే టెక్సస్‌లో అడగరు కదా అని సర్టిఫికెట్ లేకుండా చేరొద్దు.

ఇంటర్వ్యూలో నేను చూసేది ఏంటంటే, తెలియనప్పుడు తెలియదు అంటారా లేదా. పోయిన నెల ఒకమ్మాయి మూడు క్లినిక్‌ల అనుభవం చెప్పింది, చిన్నపిల్లాడికి బీపీ ఏ సైజు కఫ్‌తో తీస్తావు అంటే ఏదో ఒకటి చెప్పేసింది. ఇంకో అమ్మాయి అప్పుడే కోర్సు అయినావిడ, "చెయ్యి కొలిచి చార్టులో చూసి చెప్తాను మేడమ్" అంది. తీసుకున్నది ఈవిడనే. మీ ల్యాబ్ అనుభవం రెజ్యూమెలో పైనే రాయండి, వేలల్లో వీన్‌లు చూసిన చెయ్యి అది, ఇక్కడ కోర్సు అయ్యి వచ్చిన పిల్లలకి అది ఉండదు.

ఈఏడీ రెన్యువల్ గురించి ఒక హెచ్చరిక. ఇంతకుముందు రెన్యువల్ వేస్తే ఆటోమేటిక్‌గా 540 రోజులు పని చేసుకోనిచ్చేవారు, 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన అప్లికేషన్లకి అది తీసేశారు. కార్డు తేదీ అయిపోయి కొత్తది రాకపోతే ఆ రోజు నుంచి పని ఆపాల్సిందే. మా దగ్గర మంచి ఎంఏ ఒకావిడ అలాగే మూడు నెలలు ఇంట్లో కూర్చుంది. ఆర్నెల్ల ముందే రెన్యువల్ వేయండి, చేరేటప్పుడే మేనేజర్‌కి ఈ విషయం చెప్పండి.

---

ఓరుగల్లు_సియాటిల్:

అక్కా నేను వాషింగ్టన్ స్టేట్ల ఉంటా, ఇక్కడ లెక్క వేరే. 2013 నుంచి ఇక్కడ స్టేట్ హెల్త్ డిపార్ట్‌మెంట్ క్రెడెన్షియల్ లేకుండ ఎంఏ పని చెయ్యనియ్యరు. ఎంఏ సర్టిఫైడ్ అని ఒకటి, ఎంఏ రిజిస్టర్డ్ అని ఒకటి ఉంటది. రిజిస్టర్డ్‌కి పరీక్ష లేదు, క్లినిక్ వాళ్ళే నేర్పి సంతకం పెడితే వస్తది, కానీ ఆ క్లినిక్ ఇడిసిపెడితే అది పనికిరాదు, కొత్త దగ్గర మళ్ళ మొదటి నుంచి. నేను గట్లనే రెండేండ్లు ఇరుక్కున్న. మేనేజర్ ఎంత సతాయించినా ఇడిసిపెట్టి పోలేకపోయిన, పోతే క్రెడెన్షియల్ కూడ పోతది కదా. తర్వాత సర్టిఫైడ్ అయిన, ఇప్పుడు మంచిగున్న. నువ్వు టెక్సస్‌ల ఉన్నా సరే, నీ పేరు మీద నీతోని వచ్చే సర్టిఫికెట్ తీస్కో.

---

హ్యూస్టన్_ఝాన్సీ:

నేను కొంచెం చేదుగా రాస్తున్నా, ఏమనుకోకండి. ఎంఏగా నాలుగేళ్ళు చేసి ఇప్పుడు ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) అయ్యాను కాబట్టి రెండు వైపులా తెలుసు.

ఎంఏ నుంచి నర్సింగ్‌కి మెట్లు ఉంటాయని చాలామంది స్కూళ్ళల్లో చెప్తారు. చాలాచోట్ల అలాంటి మెట్లేమీ ఉండవు. ఎంఏ కోర్సులో చదివిన క్రెడిట్లు చాలావరకు నర్సింగ్‌లో లెక్కకి రావు, అనాటమీ, ఫిజియాలజీ మళ్ళీ కాలేజీ లెవెల్లో చదివాను, క్లినికల్స్ మొదటి నుంచి చేశాను. పని అనుభవం మనిషిగా పనికొచ్చింది, కాగితం మీద పనికిరాలేదు. ఎల్‌వీఎన్ (ఆర్ఎన్ కంటే కింది స్థాయి నర్స్) మీడియన్ జీతం 2024లో ఏడాదికి 62,340 డాలర్లు, ఆర్ఎన్‌ది 93,600. అంత తేడా ఉన్నప్పుడు నర్స్ అవ్వాలని మనసులో ఉంటే నేరుగా అటే వెళ్ళాలి, మధ్యలో ఎంఏకి డబ్బు పోయకూడదు. ఇంట్లో సంపాదన కావాల్సి వచ్చి ఎంఏ చేస్తూ చదువుకుంటానంటే అది వేరు, నేను చేసింది అదే, రాత్రి పదకొండింటికి పిల్లలు పడుకున్నాక చదివేదాన్ని.

ఎంఏలోనే ఉండి పైకి వెళ్ళడం కూడా ఉంది, అది లేదనను. లీడ్ ఎంఏ, క్లినిక్ సూపర్‌వైజర్, ప్రాక్టీస్ మేనేజర్, రెఫరల్ కోఆర్డినేటర్, ఎపిక్ (పేషెంట్ రికార్డుల సాఫ్ట్‌వేర్) ట్రైనర్ ఇలా. కార్డియాలజీ, డెర్మటాలజీ లాంటి స్పెషాలిటీ క్లినిక్‌లలో కొంచెం ఎక్కువ ఇస్తారు. కానీ పైకి వెళ్ళేకొద్దీ పేషెంట్ పక్కన నిలబడే పని తగ్గిపోతుంది, మీరు వద్దనుకున్న స్క్రీన్ మళ్ళీ ముందుకొస్తుంది. నాకు అదే నచ్చక నర్సింగ్‌కి వెళ్ళాను.

అలసట గురించి ఎవరూ చెప్పరు. పది గంటలు నిలబడతాం, లంచ్ అరగంట అంటారు గానీ పన్నెండున్నర పేషెంట్ ఒంటిగంటకి బయటికొస్తాడు. ఆలస్యమైందని డాక్టర్ మీద అరవలేక మన మీద అరుస్తారు. డిపార్ట్‌మెంట్‌లో ఎవరు సెలవు పెట్టినా ముందు మన పని పెరుగుతుంది. ఇవన్నీ తెలిసి వస్తే తట్టుకోవచ్చు.

---

నర్సమ్మ_కర్నూలు:

మధ్యలో వస్తున్నందుకు సారీ అండి, నాది బీఎస్సీ నర్సింగ్, ఇండియాలో నాలుగేళ్ళ అనుభవం. నేను కూడా ముందు ఎంఏ చేసి తర్వాత చూసుకోవచ్చా?

---

హ్యూస్టన్_ఝాన్సీ:

వద్దండి, దయచేసి వద్దు. మీకు చదువు ఉంది, ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ (నర్స్ లైసెన్స్ పరీక్ష) రాయండి. సీజీఎఫ్ఎన్ఎస్ (బయటి దేశాల నర్సుల చదువు సరిచూసే సంస్థ, ఇప్పుడు పేరు ట్రూమెరిట్) ద్వారా మీ సర్టిఫికెట్లు వెరిఫై చేయించి బోర్డ్ ఆఫ్ నర్సింగ్‌కి అప్లై చేయాలి. మీ కాలేజీ, మీ స్టేట్ కౌన్సిల్ కాగితాలు పంపడానికే నెలలు పడుతుంది, అందుకే ఈ రోజే మొదలుపెట్టండి. ఇండియాలో ఎవరైనా కాలేజీకి స్వయంగా వెళ్ళి వెంటపడితేనే కవరు కదులుతుంది. విడిగా పోస్టు పెట్టండి, అక్కడ అంతా రాస్తాను.

---

రాజమండ్రి_ల్యాబ్:

సామర్లకోట గారూ, ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నా, మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ పెట్టుకుని ల్యాబ్ వైపు ఎందుకు చూడట్లేదు? నేను ఇక్కడ హాస్పిటల్ మైక్రో ల్యాబ్‌లో చేస్తున్నా. డిగ్రీ ఎవాల్యుయేషన్ చేయించి ఏఎస్‌సీపీ (ల్యాబ్ వాళ్ళకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) సర్టిఫికేషన్‌కి ఏ రూట్‌లో అర్హత వస్తుందో చూసుకోండి, టెక్సస్‌లో ల్యాబ్ వాళ్ళకి స్టేట్ లైసెన్స్ లేదు, కాలిఫోర్నియా, న్యూయార్క్‌లో ఉంది. క్లినికల్ ల్యాబ్ టెక్నాలజిస్టులూ టెక్నీషియన్లూ కలిపి 2024 మీడియన్ జీతం ఏడాదికి 61,890 డాలర్లు. చిక్కు ఏంటంటే మీ ల్యాబ్ అనుభవం పాతదైపోయింది, ఈమధ్య చేసిన అనుభవమే లెక్కేస్తారు, అందుకని ముందు ల్యాబ్ అసిస్టెంట్‌గానో స్పెసిమెన్ ప్రాసెసర్‌గానో చేరాల్సి రావచ్చు. నైట్ షిఫ్టులు కూడా ఉంటాయి. కానీ ప్లేటు మీద కాలనీ చూసి ఇది ఫలానాది అని గుర్తుపట్టే కన్ను మీకు ఉంది, దాన్ని వదిలేసుకుంటుంటే నాకు బాధగా ఉంది.

---

సామర్లకోట_పిల్ల:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. తెనాలి అక్కా, ఆ పెద్దావిడ గురించి చదువుతుంటే మా అత్తగారు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆవిడా ఇలాగే బిళ్ళలు సగం విరిచి దాచుకున్నారు పోయినసారి వచ్చినప్పుడు.

రాజమండ్రి గారూ, మీరు అడిగింది రెండు రోజులు ఆలోచించాను. కాకినాడలో ఉన్నప్పుడు నాకు ప్లేట్ల కంటే ఆ ముందు గదే ఇష్టం, పొద్దున ఆరింటికి ఖాళీ కడుపుతో వచ్చి కూర్చున్నవాళ్ళు, సూది అంటే భయపడే పిల్లలు. ఒక చిన్న పాప నా వేలు గట్టిగా పట్టుకుని మొహం అటు తిప్పుకుని, అయిపోయిందా అయిపోయిందా అంటూనే ఉండేది, అప్పటికే అయిపోయి కాటన్ పెట్టేసేదాన్ని. నాకు ఆ పనే కావాలి. నైట్ షిఫ్టులు పిల్లలతో కుదరవు కూడా. అయినా మీరు చెప్పినట్టు డిగ్రీ ఎవాల్యుయేషన్ చేయించి పెట్టుకుంటా, అది ఎక్కడికీ పోదు కదా.

స్కూల్ వాళ్ళకి వద్దని చెప్పేశా, ఫోన్లో ఆయన ఇంకో ఐదొందలు తగ్గిస్తా అన్నాడు. కమ్యూనిటీ కాలేజీ వాళ్ళతో మాట్లాడాను, ఆగస్టు బ్యాచ్‌లో సీట్లున్నాయి, మా ఆయన కూడా ఆ ఫీజు చూసి సరే అన్నారు, పిల్లల్ని మంగళ, గురువారాలు తనే చూసుకుంటారట. ఒకటే సమస్య, వాళ్ళు హెపటైటిస్ బీ, ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాల రికార్డులు అడుగుతున్నారు. చిన్నప్పటి కార్డు మా అమ్మ దగ్గర లేదు, హెపటైటిస్ బీ ల్యాబ్‌లో చేరినప్పుడు మూడు డోసులు వేయించారు గానీ ఆ సెంటరే ఇప్పుడు లేదు. ఏం చేయాలి?

---

తెనాలి_అక్క:

ఇది చాలామందికి వచ్చే సమస్యే, నాకూ వచ్చింది. టైటర్ టెస్ట్ అని రక్తంలో యాంటీబాడీలు చూస్తారు, ఆ మూడింటికీ చేయించు, కాగితం లేకపోయినా పాజిటివ్ వస్తే ఆ రిపోర్టునే రికార్డుగా తీసుకుంటారు, కాలేజీ ఫారంలో ఆ గడి విడిగా ఉంటుంది చూడు. హెపటైటిస్ బీ మాత్రం వేయించుకుని చాలా ఏళ్ళయితే అంకె తగ్గి నెగెటివ్ చూపించొచ్చు, కంగారు పడకు, ఒక డోసు వేసి నెలా రెండు నెలల్లో మళ్ళీ చూస్తారు. ఇన్సూరెన్స్ ఇస్తుందో లేదో ముందు కనుక్కో. టీబీకి చర్మం మీద వేసే టెస్ట్ వద్దు, మనకి చిన్నప్పుడు బీసీజీ వేసుంటారు కదా, దానివల్ల పొంగి పాజిటివ్ అంటారు, తర్వాత ఎక్స్‌రేలు అవీ తిప్పుతారు. క్వాంటిఫెరాన్ అనే బ్లడ్ టెస్ట్ అడుగు. ఇవన్నీ జూన్‌లోనే చేయించేయ్, డోసు మళ్ళీ వేయాల్సి వస్తే ఆగస్టుకి టైం ఉండాలి. సీపీఆర్ కార్డు కూడా అడుగుతారు, క్లాస్ ఒక పూటే, మా క్లినిక్ దగ్గర శనివారాలు పెడతారు, కావాలంటే మెసేజ్ చెయ్యి, కలిసి వెళ్దాం, నాదీ ఈ ఏడాది రెన్యూ చేసుకోవాలి.